తాత ముత్తాతల పేర్లు ఎక్కడ దొరుకుతాయి? వంశం వెతికేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నాయనమ్మ చనిపోయిన ఏడాది అటక దులుపుతుంటే నాకు ఒక రేకుపెట్టె దొరికింది. అందులో చెదలు సగం తిన్న శిస్తు రసీదులు, రెండు దస్తావేజులు, పసుపు మరకలున్న పుస్తకం ఒకటి ఉన్నాయి. అప్పటినుంచి మావాళ్లు ఎక్కడివాళ్లో వెతకడం నాకో పిచ్చిలా పట్టుకుంది. చుట్టాలు, చుట్టాల చుట్టాలు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పలేక ఇలా రాసి పెడుతున్నాను. నేను లాయర్‌నీ కాదు, చరిత్ర చదువుకున్నవాణ్ణీ కాదు. ఆఫీసుల బెంచీల మీద కూర్చుని నేర్చుకున్నదే ఇదంతా.

1881, 1931 జనాభా లెక్కల్లో మా ముత్తాత పేరు చూడొచ్చా?

చూడలేరు. అందరూ ముందుగా అడిగేది ఇదే, విని నీరసపడేదీ ఇక్కడే. మన దేశంలో మొదటి జనాభా లెక్కలు 1871-72లో తీశారు. దేశమంతా ఒకేసారి తీసినవి 1881లో. ఆ తర్వాత పదేళ్లకోసారి ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్న మాట నిజమే. కానీ ఆ కాగితాలు లెక్క కట్టడం కోసమే. చివరికి అచ్చయినవి అంకెలు మాత్రమే: ఊళ్లో ఇన్ని ఇళ్లు, ఇంతమంది మగవాళ్లు, ఇంతమంది ఆడవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో చేసిన సెన్సస్ చట్టం ఇంకో తాళం వేసింది. దాని 15వ సెక్షన్ ప్రకారం ఇంటివారీ వివరాలు ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగానూ తీసుకోరు. "1931 సెన్సస్‌లోంచి మీ వంశవృక్షం తీసిస్తాం" అని ఎవరైనా డబ్బు అడిగితే ఓ నమస్కారం పెట్టి వచ్చేయండి.

మరి ఇంగ్లండు, అమెరికా వాళ్లకు ఎలా దొరుకుతున్నాయి?

వాళ్లు ఇంటివారీ కాగితాలనే దాచి, కొన్నేళ్లు ఆగి బయటపెడతారు. ఇంగ్లండులో వందేళ్లు ఆగుతారు, 1921 లెక్కలు 2022లో వచ్చాయి. అమెరికాలో 72 ఏళ్లు, 1950 లెక్కలు కూడా 2022లోనే వచ్చాయి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు వాళ్ల కోసం రాసినవే. అవి చదివి మనవాళ్లు తప్పు ఆఫీసు తలుపు తడుతుంటారు.

అయితే జనాభా లెక్కలు మనకు దేనికీ పనికిరావా?

మనిషిని వెతకడానికి పనికిరావు గానీ ఊరిని వెతకడానికి బాగా పనికొస్తాయి. 1951 నుంచి జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు ఉన్నాయి, వాటిలో ఊళ్ల పేర్లు తాలూకాల వారీగా కనిపిస్తాయి. 1961లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని ఊళ్లను ఎంచుకుని ఆచారాలు, వృత్తులు, ఇళ్ల తీరు అన్నీ రాసిన గ్రామ సర్వే పుస్తకాలు కూడా వేశారు. మీ ఊరు అందులో ఉంటే అదృష్టమే. పాత సంపుటాలు సెన్సస్ వాళ్ల వెబ్‌సైట్‌లో డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి.

మా తాత "నెల్లూరు జిల్లా" అనేవాడు, ఊరేమో ఒంగోలు పక్కన ఉంది. ఏది నమ్మాలి?

రెండూ నిజమే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాది. తర్వాత గుంటూరులోకి వచ్చింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దాని పేరు ప్రకాశం అయింది. ఆ ఊరి 1890 నాటి కాగితం మీద నెల్లూరు అనే ఉంటుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో జిల్లాలు మళ్లీ చీలాయి. అందుకని ఏ ఆఫీసుకైనా వెళ్లేముందు మీ ఊరు ఏ సంవత్సరంలో ఏ తాలూకా, ఏ జిల్లాలో ఉందో ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. జమీందారీ ఊరైతే ఇంకో చిక్కుంది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందు అక్కడి రైతుల లెక్కలు చూసుకుంది సంస్థానం వాళ్లే, సర్కారు కాదు.

అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంట్లో. ముఖ్యంగా ముసలివాళ్లలో ఆడవాళ్లతో. మగవాళ్లను అడిగితే పొలాలు, తగాదాలు చెబుతారు. ఎవరికి ఎవరిని ఇచ్చారో, ఏ ఊరినుంచి తెచ్చుకున్నారో, ఎవరు పురిట్లో పోయారో చెప్పేది అమ్మమ్మలే. ఫోన్‌లో రికార్డ్ పెట్టి వాళ్ల మానాన వాళ్లను మాట్లాడనివ్వండి. "పుట్టిన తేదీ ఎప్పుడు?" అని అడగకండి, అది వాళ్లకూ తెలియదు. "ఉప్పెన వచ్చేటప్పటికి నీ పెళ్లయిందా?", "రజాకార్ల గొడవప్పుడు నువ్వెంత ఉంటావు?" అని అడగండి. పాత తరాలకూ ఇలాంటి గుర్తులున్నాయి. ధాత కరువు అంటే 1876లో ధాత నామ సంవత్సరంలో మొదలై రెండేళ్లు పీడించిన కరువు. బందరు ఉప్పెన 1864 నవంబరు 1న. "మా తాత ధాత కరువులో పుట్టాడట" అన్న ఒక్క ముక్క చాలు, లెక్క అందుకోవచ్చు.

స్కూలు రిజిస్టర్లో పుట్టిన తేదీ జులై 1 అని ఉంటే మరీ నమ్మకండి. బడిలో చేర్పించడానికి అయ్యవారు వేసిన తేదీ అది. మా ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురూ జులై 1నే పుట్టారు, వేర్వేరు సంవత్సరాల్లో!

పాత పెళ్లిళ్ల రికార్డు ఎక్కడైనా ఉంటుందా?

హిందువుల పెళ్లిళ్లకు పాతరోజుల్లో సర్కారు రిజిస్టరంటూ లేదు. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చాక కూడా రిజిస్టర్ చేయించుకున్నవాళ్లు తక్కువే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని తప్పనిసరి చేసిన చట్టం 2002లో గానీ రాలేదు. కాబట్టి రిజిస్ట్రార్ ఆఫీసులో తాతమ్మ పెళ్లి వెతకొద్దు.

పెళ్లి మాత్రం వేరే చోట్ల నమోదైంది. మొదటిది కన్యాదానం. ప్రవర చెప్పేటప్పుడు పురోహితుడు వరుడి ముత్తాత, తాత, తండ్రి పేర్లు, వధువు ముత్తాత, తాత, తండ్రి పేర్లు గోత్రంతో సహా చదువుతాడు. ఆ పేర్లు ముందే ఒక చీటీ మీద రాయించుకుంటారు. ఆ చీటీ, పాత శుభలేఖ, లగ్నపత్రిక ఎవరి పెట్టెలోనైనా దొరికితే రెండువైపులా మూడేసి తరాలు చేతికొచ్చినట్టే. తద్దినాలు పెట్టే ఇళ్లలోనూ ఇంతే, తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పాల్సిందే. మీ పాత పురోహితుల ఇంట్లో నోటు పుస్తకాలున్నాయేమో కనుక్కోండి.

రెండోది నాకు ప్రాణం: చదివింపుల పుస్తకం. తెలంగాణలో కట్నాలు రాసిన పుస్తకం అంటారు. రేకుపెట్టెలో దొరికింది అదే, 1951లో మా తాత పెళ్లిది. నాలుగు మూలలా పసుపు, మొదటి పేజీలో "శ్రీరామ". తర్వాత వరసగా పేరు, ఊరు, చదివించింది. "పెదమామ, తెనాలి, 5-0-0." "మేనమామ, చుండూరు, పట్టుచీర, ఆవుదూడ." "కొలిమి సాయిబు, 0-8-0." మూడు అంకెలు రూపాయలు, అణాలు, పైలు. అలా ఉందంటే అది 1957 ఏప్రిల్ 1కి ముందుదని గుర్తు, ఆ రోజునుంచి దశాంశ నాణేలు వచ్చాయి. ఆ చుండూరు మేనమామ ఒక్క వరసతోనే మా ముత్తవ్వ పుట్టిల్లు ఏ ఊరో తెలిసింది. అంతకుముందు ఆ ఊరి పేరు మా ఇంట్లో ఎవరినోటా వినలేదు.

మూడోది పసుపు కుంకుమ కింద ఆడపిల్లకు రాసిచ్చిన పొలం దస్తావేజు. అందులో తండ్రి పేరు, కూతురి పేరు, ఆమె భర్త పేరు, రెండు ఊళ్లూ ఉంటాయి. ఇంతకంటే మంచి పెళ్లి సర్టిఫికెట్ ఆ రోజుల్లో లేదు. మిగతా రికార్డులన్నిటిలో ఆడవాళ్లు "ఫలానావారి భార్య"గానే కనిపిస్తారు, పుట్టింటి ఇంటిపేరు బయటపడేది ఇలాంటి కాగితాల్లోనే.

క్రైస్తవ, ముస్లిం కుటుంబాల సంగతేంటి?

ఈ విషయంలో వాళ్లే నయం. చర్చిల్లో బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు రాస్తారు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషన్, ఒంగోలు బాప్టిస్టు మిషన్ లాంటివాటి పాత చర్చిల్లో అడిగి చూడండి. ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పేదలకు పని ఇప్పించాడు. ఆ వెంటనే 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఏ భూమి రికార్డులోనూ పేరు లేని మాల, మాదిగ కుటుంబాలెన్నిటికో మొదటిసారి పేరు రాసుకున్నది చర్చి పుస్తకమే అయ్యుంటుంది. బాప్తిస్మంలో కొత్త పేరు పెట్టుకోవడం మామూలే కాబట్టి పాత పేరు కూడా అడిగి తెలుసుకుని వెళ్లండి.

ముస్లింల పెళ్లిళ్లకు నిఖానామా ఉంటుంది, ఖాజీ దగ్గర రిజిస్టర్ ఉంటుంది. ఏ ఖాజీ చేయించాడో తెలిస్తే పని సులువు.

భూమి రికార్డుల్లో ఏవి చూడాలి? కోస్తా, రాయలసీమ వాళ్లకు చెప్పండి.

ఇక్కడే అసలు నిధి ఉంది. ఆర్‌ఎస్‌ఆర్, డైగ్లాట్, ఫెయిర్ అడంగల్, 10(1) ఇవన్నీ తాసిల్దారు ఆఫీసులో వినిపించే భూమి రిజిస్టర్ల పేర్లు. ఆర్‌ఎస్‌ఆర్‌లో సర్వే నంబరు, పట్టాదారు పేరు ఉంటాయి, అది ఎవరి పొలమో చెబుతుంది. వంశం చెప్పేది మాత్రం ఇనాం ఫెయిర్ రిజిస్టర్, ఐఎఫ్ఆర్ అంటారు.

1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, ఇనాం భూములు, అంటే సేవకో దానంగానో శిస్తు తగ్గించి ఇచ్చిన మాన్యాలు, ఎవరివి, ఎవరిచ్చారు, ఎలా వచ్చాయి అని విచారించింది. ఆ విచారణ చేతిరాతలో, ఇంగ్లీషులో ఉంటుంది. ఇనాం మొదట ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, అతని వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు, ఇవన్నీ గడుల్లో రాశారు. 1860లో 45 ఏళ్లున్న మనిషి "మూలపురుషుడి మునిమనవడు" అని ఉంటే, తరానికి పాతికేళ్లు వేసుకున్నా ఆ మూలపురుషుడు 1740 ప్రాంతంలో పుట్టినవాడు. ఒక్క వరసలో నాలుగు తరాలన్నమాట.

ఇనాం అనగానే బ్రాహ్మలు, గుళ్లు అనుకోవద్దు. కరణం, పూజారి, మంగలి, చాకలి, కమ్మరి, వడ్రంగి, వెట్టి, ఊరి పని చేసేవాళ్లకు మాన్యాలుండేవి. మావాళ్లది కమ్మరి మాన్యం, ఎకరం చిల్లర. కొలిమి ఊదుకునే మనిషి పేరు, వయసు ఎవరో ఇంగ్లీషులో నీటుగా రాసిపెట్టడం చూసినప్పుడు కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

తెలంగాణ వాళ్లకో?

ఖాస్రా పహాణీ అనే భూమి రిజిస్టర్, 1954-55. అందరూ మూలంగా పట్టుకునేది అదే. పట్టాదారు పేరు, కబ్జాలో ఉన్నవాడి పేరు రెండూ ఉంటాయి. దానికి ముందు సేత్వార్, అంటే పాత సర్వే నాటి రిజిస్టర్ చూడాలి. సొంత భూమి లేక కౌలు చేసుకున్న కుటుంబమైతే 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రాసిన రక్షిత కౌలుదార్ల రిజిస్టర్ అడగండి, పట్టాల్లో కనిపించని పేర్లు అందులో ఉంటాయి. పాత కాగితాలు ఉర్దూలో ఉంటాయి, అదీ గొలుసుకట్టు రాతలో. ఇంటర్నెట్ అనువాదాన్ని నమ్ముకోవద్దు. పాత దస్తావేజులు చదవడం వచ్చిన పెద్దమనిషిని పట్టుకోండి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. అసఫ్ జాహీల కాలం, మొఘలుల కాలం పారశీక భాష కాగితాలు అక్కడే.

కాగితం మీద "ఫసలీ 1320" అని ఉంది. ఏ సంవత్సరం?

ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలపండి. 1910-11. ఆంధ్ర జిల్లాల్లో ఫసలీ జులైలో మొదలవుతుంది, నిజాం రాజ్యంలో అక్టోబరు ప్రాంతంలో. అక్కడి కాగితాల్లో ఆజూర్, దై, బహమన్ లాంటి నెలలు కనిపిస్తే కంగారుపడకండి, అవి ఫసలీ నెలలే. దస్తావేజులో తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అరవై ఏళ్ల తేడా రావచ్చు. ప్రభవ 1867లోనూ వచ్చింది, 1927లోనూ వచ్చింది. స్టాంపు కాగితం మీద ఏ రాజు బొమ్మ ఉందో చూస్తే తేలిపోతుంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఏం దొరుకుతుంది?

ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, సాధారణంగా 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి కావాలంటే ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. సర్వే నంబరు తెలియకపోయినా ఫరవాలేదు, రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మనుషుల పేర్లతో ఒక సూచిక, ఆస్తులతో ఇంకో సూచిక విడివిడిగా ఉంటాయి. అమ్మకం దస్తావేజుకన్నా అన్నదమ్ముల పంపకాల కాగితం మీద కన్నేయండి, అందులో అందరి పేర్లూ ఒకేచోట ఉంటాయి. చాలాసార్లు చనిపోయిన అన్న పిల్లల పేర్లు, వాళ్ల తరఫున తల్లి వేలిముద్ర కూడా.

ఒకే పేరుతో ముగ్గురు కనిపిస్తున్నారు. మావాడు ఎవరు?

నేను రెండేళ్లు తప్పు ముత్తాత వెనక తిరిగాను. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల పెదనాన్నల ఇళ్లలో, బాబాయిల ఇళ్లలో అందరూ ఒకే పేరువాళ్లే. మా ఊళ్లో ఒకే ఇంటిపేరుతో వీరయ్యలు నలుగురు తేలారు. మనిషిని పేరుతో కాకుండా తండ్రి పేరు, సర్వే నంబరు, పొలం సరిహద్దులు కలిపి గుర్తుపట్టాలి. నేను వెంటపడిన వీరయ్య పొలానికి తూర్పున చెరువు, మావాళ్లకు తూర్పున దారి. అది ముందే చూసుకుంటే రెండేళ్లు మిగిలేవి.

ఇంటిపేరు, గోత్రం హఠాత్తుగా మారిపోయాయంటే దత్తత అయ్యుంటుంది. దత్తత వెళ్లినవాడు కొత్త ఇంటి పేరు, గోత్రం తీసుకుంటాడు, పుట్టినింటి వరస అక్కడితో ఆగిపోతుంది. ఇల్లరికం వెళ్లినవాడైతే ఇంటిపేరు అదే, ఊరు మాత్రం మారుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మాకు భూమీ లేదు, మాన్యమూ లేదు. మా సంగతేంటి?

చర్చి పుస్తకాల గురించి పైన చెప్పాను. దాంతోపాటు, కాగితం లేకపోయినా నోటితో చెప్పేవాళ్లున్నారు. మన దగ్గర చాలా కులాలకు వంశం, గోత్రాలు చెప్పే ఆశ్రిత కులాలున్నాయి: మాదిగలకు డక్కలివాళ్లు, గౌడులకు గౌడజెట్టీలు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజలవాళ్లు, రెడ్లకు పిచ్చుకుంట్లవాళ్లు. ఊళ్లు పంచుకుని మిరాసీగా, అంటే వంశపారంపర్య హక్కుగా తిరిగేవాళ్లు. కొత్తతరం వేరే పనుల్లోకి వెళ్లిపోతోంది కాబట్టి మీ ఊరికి ఏ ఇంటివాళ్లు వచ్చేవారో ఇప్పుడే కనుక్కోండి. వాళ్లు చెప్పేదాంట్లో పురాణం ఎక్కడ ఆగి మీ తాతల పేర్లు ఎక్కడ మొదలవుతాయో వింటుంటే మీకే తెలుస్తుంది. వెళ్లేటప్పుడు వట్టి చేతులతో వెళ్లొద్దు.

గయలో పండాల దగ్గర పేర్లుంటాయంటారు, నిజమేనా?

నిజమే. గయ, కాశీ, ప్రయాగ, హరిద్వారాల్లో తీర్థపురోహితులు వచ్చినవాళ్ల పేరు, ఊరు, తండ్రి తాతల పేర్లు బహీలనే పుస్తకాల్లో రాయించుకుంటారు. ప్రాంతాల వారీగా పంచుకున్నారు కాబట్టి మీ పాత జిల్లా పేరు చెప్పి అడగాలి. మీవాళ్లలో ఎవరైనా అంతదూరం వెళ్లి ఉంటేనే పేరు ఉంటుంది, అది మర్చిపోవద్దు.

మా ముత్తాత తమ్ముడు ఓడెక్కి వెళ్లాడట, మళ్లీ రాలేదట.

ఏ దేశమో తెలిస్తే, ఇంట్లో ఉండిపోయినవాళ్లకన్నా వెళ్లిపోయినవాళ్ల రికార్డే బాగుంటుంది. కూలీ ఒప్పందం మీద వెళ్లిన ప్రతివాడికీ ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద గుర్తులు రాసుకున్నారు. మద్రాసునుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. డర్బన్ ఉన్న నేటాల్‌కు (ఇప్పటి దక్షిణాఫ్రికాలోది) అలా 1911 దాకా వెళ్లినవాళ్ల జాబితాలు ఉన్నాయి. మారిషస్‌వి మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఫిజీకి మద్రాసునుంచి 1903లో మొదలై వెళ్లారు. మారిషస్‌లో మనవాళ్లను కోరంగి రేవు పేరుతోనే పిలిచేవారు. "రంగం వెళ్లాడు" అంటే మాత్రం రంగూన్. అక్కడికి ఇలాంటి ఒప్పందాలు లేకుండా వెళ్లి వచ్చినవాళ్లే ఎక్కువ కాబట్టి ఓడ జాబితా మీద ఆశ పెట్టుకోకండి.

డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకోనా?

మేనరికాలు తరతరాలుగా ఉన్న ఇళ్లలో దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా తేలతాడు. సరదాకైతే చేయించుకోండి.

ఆఫీసులో "రికార్డు లేదు" అన్నారు. ఇంక వదిలేయాలా?

ఒక ఆఫీసులో నాకు "అవన్నీ చెదలు తినేశాయండీ" అని మూడుసార్లు చెప్పారు. నాలుగోసారి వేరే గుమాస్తా ఉన్నాడు, అరగంటలో తెచ్చిచ్చాడు. నోటిమాటగా అడక్కండి. సర్వే నంబరు, ఫసలీ, రిజిస్టర్ పేరు రాసి సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి. లేదంటే లేదని రాసివ్వమనండి. ఇంకో దారి పాత కరణంగారి ఇల్లు. 1984లో కరణాలు, మునసబుల పదవులు రద్దయ్యాక కొన్ని లెక్కల పుస్తకాలు వాళ్ల ఇళ్లలోనే ఉండిపోయాయి. మనవలు మర్యాదస్తులైతే కాఫీ ఇచ్చి మరీ చూపిస్తారు.

మీ వంశం ఎంత వెనక్కి దొరికింది?

మగవాళ్ల వైపు ఇనాం రిజిస్టర్ దాకా, అంటే 1860లు, దాని వెనక ఇంకో రెండు పేర్లు. ఆడవాళ్ల వైపు ముత్తవ్వ పుట్టిల్లు దగ్గర ఆగింది. చదివింపుల పుస్తకంలో చివరిపేజీ అడుగున, వేరే చేతిరాతతో ఒక వరస ఉంది: "పాత ఊరి అత్త, 0-4-0." పేరు లేదు, ఊరు లేదు. నాలుగణాలు చదివించిన ఆ అత్త ఎవరో, పాత ఊరంటే ఏ ఊరో మా ఇంట్లో మిగిలినవాళ్లెవరికీ తెలియదు. వచ్చే నెల చుండూరు వెళ్తున్నాను.